రెండు వందల పద్నాలుగో పాట

మా చర్చి సంఘంలో పాటను మొదటి పాదంతో అడిగేవాళ్లు లేరు. నంబరుతోనే అడుగుతారు. పెద్దాయన లేచి "నూట ఆరు" అనగానే పుస్తకాలు తెరుచుకుంటాయి, పుస్తకం తేనివాళ్ల నోళ్లు కూడా తెరుచుకుంటాయి. మా అమ్మకు పుస్తకంతో పనే లేదు. మర్పల్లిలో ఎవరింట్లో ప్రార్థన కూడిక జరిగినా "అక్కా, జర గా రెండొందల పద్నాలుగు ఎత్తుకో" అనేవాళ్లు. అమ్మ ఎత్తుకునేది. నేను పక్కన కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసేదాన్ని. అలా ఏళ్ల తరబడి చేస్తే మూడు వందల పైచిలుకు పాటలయ్యాయి. వాటికి పేర్లు పెట్టేటప్పుడు నాకు ఇంకో ఆలోచనే రాలేదు. ఊరికో ఫోల్డరు, లోపల నంబర్లు. మర్పల్లిలో పాడినా 214, నవాబుపేటలో పాడినా 214.

తర్వాత అమ్మ గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. వికారాబాద్‌లో మా రెండు గదుల ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఒక పలక కొనిచ్చాను. ఏం కావాలన్నా దాని మీద రాసి చూపిస్తుంది. రెండు నెలల పాటు పాట ఊసే ఎత్తలేదు. పక్కింట్లో పాట మోగినా కిటికీ మూసేసేది. ఆమె బాధ ఆమెది అనుకుని నేనూ కదిలించలేదు.

ఒక సాయంత్రం నేను తాండూరులో డ్యూటీ దిగి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే, అమ్మ పలక ఎత్తి చూపింది. 214 అని ఉంది. తన గొంతు తాను వినాలనుకుంది! నాకు ఎంత సంతోషమేసిందో. బ్యాగు కూడా దించకుండా ఫోన్ తీశాను.

పాటల యాప్ మొహమే మారిపోయింది. మధ్యలో ఎప్పుడో అప్‌డేట్ అయిందట. ఊళ్ల ఫోల్డర్లు లేవు, నంబర్లు లేవు. ట్రాక్ 1, ట్రాక్ 2 అంటూ ఒకటే వరుస. ప్రతిదాని కింద 'గాయకులు: తెలియదు' అని రాసి ఉంది. తెలియదట! మా రెండు మండలాల్లో ఏ సంఘంలో అడిగినా చెప్తారు ఆ గొంతు ఎవరిదో. కిందికి జరుపుకుంటూ పోతే అరవై ఎనిమిది దగ్గర వరుస ఆగిపోయింది.

"ఫోన్ ఖరాబైందమ్మా. ఫికర్ జెయ్యకు, రేపు బాగు జేపిస్త," అన్నాను.

అమ్మ తల ఊపింది. మర్నాడు నేను రాగానే మళ్లీ అదే పలక, అదే నంబరు. తుడవనే లేదు.

నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. ఫోన్ ఆపేసి మళ్లీ వేశాను. యాప్ తీసేసి మళ్లీ పెట్టాను. పాత యాప్‌కు పోదామంటే వెనక్కి దారే లేదు. తీసేసినవి చెత్తబుట్టలో నెల రోజులే ఉంటాయట, ఆ నెల ఎప్పుడో దాటింది. పాత ఫోన్ ఉండి ఉంటే బాగుండేది, దాన్ని నేనే శుభ్రంగా తుడిచి ఎవరికో ఇచ్చేశాను. మూడో రోజు తాండూరు బస్టాండు దగ్గర ఫోన్లు బాగు చేసే ఆయనకు చూపించాను. ఆయన కాసేపు నొక్కి, తిరిగి నా చేతిలో పెట్టాడు.

"గిది తనంతల తాను తియ్యదక్కా. ఒక్క తీరువి మస్తున్నయ్, తీసెయ్యాల్నా అని అడుగుతది. ఎవరో అవునని నొక్కిన్రు."

"ఎవరు నొక్కుతరన్నా? ఫోన్ నా చేతులనే ఉంటది గద," అన్నాను. అన్నాక నా మాట నాకే తగిలింది.

అవును, నేనే నొక్కాను. అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో ఒక పొద్దున, కిక్కిరిసిన బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని. ఆస్పత్రి కాగితాల ఫొటోలతో ఫోన్ నిండిపోయి ఉంది. తెర మీద పాటల యాప్ ఏదో అడిగింది. 214 పక్కన 214, దాని పక్కన ఇంకో 214 చూపించింది. నంబరు ఒకటైతే పాట ఒకటే కదా! చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది అదే కదా. అడిగింది పూర్తిగా చదవకుండానే అవును అన్నాను. ప్రతి నంబరుకూ అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న ఒక్కటి ఉంచి, మిగతా అమ్మనంతా తీసి పారేసింది.

ఇక మిగిలిన ఆ ఒక్క 214 ఏ ట్రాకో వెతకాలి. నేను లారీలకు గేటు పాసులు రాసేది బండల పాలిష్ యూనిట్‌లో. అక్కడ మిషన్ల రొదలో పిడుగు పడినా వినిపించదు. అన్నం తినే వేళ దొడ్డిదారిన బండల చాటుకు పోయి, చెవిలో తీగలు పెట్టుకుని ఒక్కొక్కటీ విన్నాను. దొరకలేదు. తిరుగు బస్సులో ధారూరు దాటాక దొరికింది.

మూడో చరణం దాకా అమ్మ బాగానే పాడింది. అక్కడ దగ్గు వచ్చింది. వెంటనే నా గొంతు.

"అబ్బ, ఏందమ్మా! మంచిగ పాడరాదా? పరేషాన్ జేస్తున్నవ్. మల్ల మొదట్నుంచి ఎత్తుకో."

"ఆగు బిడ్డా, గొంతుల ఏదో తట్టుకుంటుంది."

"ఏం తట్టుకోదు, ఎత్తుకో."

అమ్మ మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. రెండుసార్లు పాడింది కాబట్టే అది అన్నిటికన్నా పొడుగైంది. ఆపరేషన్‌కు ఏడాది ముందటి మాట అది. అమ్మ చెప్పింది, నేను వినలేదు. దిగి పారిపోదామన్నా బస్సులో కాలు కదిపే చోటు లేదు. నా మాటలు కత్తిరిద్దామని చూశాను. అమ్మ మళ్లీ ఎత్తుకున్న మొదటి అక్షరం మీదే నా కసురు పడింది. దాన్ని తీస్తే పాట తెగుతుంది, ఉంచితే అమ్మ వింటుంది. అడకత్తెరలో పోకచెక్కలా వికారాబాద్‌లో దిగాను.

ఇంట్లో అమ్మ పలక పట్టుకునే ఉంది. వేరే దారి లేక పాట పెట్టాను. అమ్మ కళ్లు మూసుకుని వింది. నేను కసిరిన చోట భుజాలు కదిలాయి. ఏడుస్తోందని వంగి చూస్తే నవ్వుతోంది. పాట అయ్యాక పలక మీద "మిగిలినయి?" అని రాసింది.

"అరవై ఎనిమిదే ఉన్నయమ్మా, కడమయన్ని పోయినయ్. ఫోన్ గాదు, నేనే తీసేసిన. సదవకుండ నొక్కిన," అన్నాను. "గొంతు సంగతి గూడ నువ్వు జెప్పినవ్. నేనే ఇనలే."

అమ్మ అరచేత్తో పలక తుడిచింది. చాలాసేపు రాసింది.

"గిదొక్కటి చాలు. మిగిలిన పాటలల్ల నేనొక్కదాన్నే ఉన్న. గిండ్ల ఇద్దరం ఉన్నం."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం మా ఇంట్లో అదే పాట. మూడో చరణం వస్తుందనగా నేను ఏదో పని ఉన్నట్టు లేవబోతాను. అమ్మ నా చున్నీ కొస పట్టుకుంటుంది. పాట అయిపోయేదాకా వదలదు.