పొట్టేలు మార్చేవాళ్ళు

కొత్త శతాబ్దం వచ్చినా కంబదూరు వైపు వానలు రాని రోజులవి. కళ్యాణదుర్గంలో బస్సెక్కితే, భుజాన గొంగడి వేసుకున్న ముసలాయన పక్కన సీటు దొరికింది. దారిలో ఎండిన వేరుశనగ చేలో జింకలు కనబడగానే బస్సంతా కిటికీల మీద పడింది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయని నేనూ మురిసిపోయాను.

"అదే భయమప్పా," అన్నాడాయన. "నా గొర్రెలూ అట్లే ఉండె."

గొర్రెల కాపరులు కొన్నేళ్ళకోసారి తమ పొట్టేలును వేరే ఊరి మందలోని పొట్టేలుతో మార్చుకుంటారట. ఈయన మాత్రం మమకారం కొద్దీ తన పొట్టేలును వదల్లేదు. చివరికి మందంతా దాని సంతానమే అయింది. అప్పుడొచ్చింది మూతివాపు రోగం.

"పక్కూరి మందలో సగమన్నా బతికినాయి. నా మందలో ఒక్కటీ నిలబడలా. అన్నిటిదీ ఒకటే రక్తం గదా, ఒకదాన్ని చంపే రోగం అన్నిటినీ చంపె."

"ఇవి అడవి జింకలు. వీటికేం కాదులే పెద్దాయనా," అన్నాను.

"అడవి యాడుండాదప్పా? చుట్టూ చేన్లు, కంచెలు, రోడ్లు. ఇంకో మంద వీటి కాడికి ఎట్లొస్తాది? మార్చుకోరా అని నాకు చెప్పేవాళ్ళన్నా ఉండిరి, నేనే వినలా. వీటికి పొట్టేలు మార్చేవాళ్ళు ఎవురుండారు?"

గొంగడి కొసను ముఖం మీదికి లాక్కున్నాడు. కంబదూరులో దిగేదాకా తీయలేదు.

ఆ తర్వాత అదే దారిన చాలాసార్లు పోయాను. 'జింకలు!' అని ఎవరైనా కేకేస్తే, కిటికీ వైపు తిరగకుండా ముందు సీటు వెనక రేకును చూస్తూ కూర్చుంటాను.