మిషన్లను మందలించే భోజన్న

భోజన్న మనుషులను తిట్టడు. మిషన్లను తిడతాడు. ఈ ఒక్క అలవాటు తప్పిస్తే ఆయనంత నెమ్మదైన మనిషి సౌదీలోని ఈ అల్ ఖోబర్ ఊరు మొత్తం గాలించినా దొరకడు. ఆ ఒక్క అలవాటుతోనే నా ప్రాణం తోడేశాడు.

మాది ఇళ్ళకు వెళ్ళి మిషన్లు బాగుచేసే కంపెనీ. భోజన్న మెకానిక్కు, జగిత్యాల దగ్గరివాడు. నేను ఖాదర్ మొహిద్దీన్‌ని, రాయచోటి వాణ్ణి. వ్యాన్ నడుపుతాను, సామాను మోస్తాను, అరబ్బీ వచ్చిన పాపానికి అటు మాటలు ఇటూ ఇటు మాటలు అటూ చేరవేస్తాను. ఎండ మాడు పగలగొడుతుంటే ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పరుగులు. మా సూపర్‌వైజర్ ఆఫ్తాబ్ గంటగంటకూ ఫోన్ చేసి "హో గయా క్యా?" అంటాడు. ఎక్కడవుతుంది? అప్పటికి భోజన్న ఇంకా స్క్రూడ్రైవర్ కూడా తీసి ఉండడు. మిషన్ ముందు గొంతుక్కూర్చుని దానికి బుద్ధి చెబుతూ ఉంటాడు.

ఒకసారి అజీజియాలో ఒకరింట్లో నీళ్ళ మోటారు కాలిపోయింది. ట్యాంకులో చుక్క నీళ్ళు లేకుండా కాపలావాడు దాన్ని పొద్దంతా నడిపాడు. ఆ సంగతి కాలిన వాసనే చెబుతోంది. కాపలావాడు గోడకు అతుక్కుని నిలబడ్డాడు. భోజన్న అతని వైపు చూడనైనా చూడలేదు.

"సిగ్గున్నదా నీకు?" అన్నాడు మోటారుతో. "నీళ్లు లేవని ఎరుకైనంక ఆగొద్దా? గింత మొండితనం ఎవలు నేర్పిండ్రే నీకు?"

ఇంటాయన నన్ను పక్కకు పిలిచి, మీవాడికి ఒంట్లో బాగుందా అని అడిగాడు. బాగానే ఉందండీ, మోటారుకే బాగాలేదు అని చెప్పి బయటపడ్డాను.

ఇంకో ఇంట్లో ఏసీ. జాలీ మీద దుమ్ము దుప్పటిలా పట్టింది. ఎప్పుడు కడిగారని ఆ ఇంటివాళ్ళను అడగాలా వద్దా? భోజన్న నిచ్చెనెక్కి ఏసీనే అడిగాడు.

"ముక్కు మూసుకుని కూసుంటె ఊపిరెట్ల ఆడుతదే?"

"అన్నా, అది ఇనుమన్నా. దానికి చెవులు యాడుండాయి? కానీయ్, పోదాం," అన్నాను కింద నిచ్చెన పట్టుకుని. నా చేతులు లాగేస్తున్నాయి.

"ఇంటది ఖాదరూ, ఇంటది. నువ్వు నిచ్చెన గట్టిగ పట్టు."

ఇలాంటి మనిషిని ఎక్కించుకుని పోయిన నెల ఉమ్ ఫైసల్ మేడం గారింటికి వెళ్ళాను. వాళ్ళింట్లో దుమ్ము లాగే మిషన్ గోడల్లోనే ఉంటుంది. మోటారూ, దుమ్ము పడే డబ్బా కింద స్టోర్ రూంలో. అక్కడి నుంచి గోడల్లోపల గొట్టాలు గదిగదికీ పోతాయి. గోడకున్న మూత తీసి పొడుగు పైపు తగిలిస్తే చాలు, చెత్తంతా కిందికి పోయి పడుతుంది. ఇప్పుడు పడటం లేదు.

మేడం గుమ్మంలోనే అడ్డుకుంది. బాగుచేయడం తర్వాత, పాడు చేసింది ఎవరో ముందు తేల్చమంది. వెనకాల పనిమనిషి రహమత్‌బీ నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. మా రాయచోటి మనిషే. వచ్చే వారం సెలవు మీద ఊరికి పోవాలి, పుట్టినప్పటి నుంచీ ఫోన్లో తప్ప చూడని మనవరాలు అక్కడ నడక నేర్చుకుంటోంది.

"ఇదివరకే కాఫీ మిషన్ పగలగొట్టింది. ఇదీ తన పనే అయితే సెలవూ లేదు, టికెట్టూ లేదు," అంది మేడం. నేను తెలుగులో చెప్పాను. భోజన్న తలూపి స్టోర్ రూంలోకి నడిచాడు.

డబ్బా దులిపాడు. ఫిల్టర్ దులిపాడు. గోడ గొట్టం ఊడదీసి మోటారు దగ్గర అరచెయ్యి పెడితే లాగుతోంది. అంటే అడ్డం గోడలోనే ఉంది. ప్రతి గదిలో మూత తీసి చెయ్యి పెట్టి చూశాడు. మేడ మీద లాగుతోంది. వంటింట్లో, హాల్లో లాగడం లేదు. ఏం పోయిందో, ఎటు నుంచి పోయిందో తెలియకుండా గోడ ఎక్కడని పగలగొట్టాలి? నాకు అక్కడే పడుకోవాలనిపించింది.

భోజన్న మళ్ళీ డబ్బా అడుగు తడిమి ఒక గట్టి పెళ్ళ తీశాడు. వాసన చూశాడు. తడిసి గట్టిపడిన మైదా. ఇక మొదలుపెట్టాడు.

"ఏందే, దుమ్ము తినుమని పెట్టుకుంటె పిండి తింటవా? తిన్నవు పో, మీదికెళ్లి నీళ్లెందుకు తాగినవు? గొంతుల పడదా? నీకేమన్నయితె గీ ఇంట్ల ఎందరికి ఇబ్బంది, ఎరుకేనా?"

ఏమంటున్నాడని మేడం అడిగింది. ఓపిక అయిపోయి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఫోన్ మోగితే బయటికి వెళ్ళింది.

రహమత్‌బీ మెల్లగా వచ్చి మా పక్కన కూర్చుంది.

"దాన్ని తిట్టాకన్నా, పాపం," అంది. "అది నోరులేనిది. చేసింది నేను. వంటింట్లో మైదా సంచి పగిలిపాయ. దీంతో లాగేసినా. మళ్ళ లోపల అంటుకోనుంటాదని, ఇంటికాడ గ్రైండరు కడిగినట్టు చెంబుడు నీళ్లు పోసినా."

"ఏ తావున పోసినవమ్మా?"

"పొయ్యి పక్క మూతలో అన్నా."

పిండి అంటుకున్న గొట్టంలో చెంబుడు నీళ్ళు పోస్తే ముద్దయిపోదా? భోజన్న ఆ మాట కూడా అనలేదు. లేచి, వ్యాన్లోని మా దుమ్ము మిషన్ తెమ్మన్నాడు. వంటింటి మూతకు దాన్ని బిగించి వెనక్కి లాగిస్తూ, మధ్యమధ్యలో వంపులోకి స్ప్రింగు తీగ పోనిచ్చాడు. తీగ పోయినప్పుడల్లా గోడను బతిమాలాడు. చివరికి మొదటి వంపు దగ్గర గట్టిపడిన ముద్ద ఊడొచ్చింది, రెండు చపాతీలకు సరిపోయేంత. గోడకు సుత్తి దెబ్బ పడలేదు.

"ఎవరు చేశారని ఆమెను ఒక్కమాట అడిగుంటే పొద్దున్నే తేలిపోయేది కదన్నా," అన్నాను.

"అడిగితె బుగులుకు, భయానికి అబద్ధమాడుతది ఖాదరూ. ఆడినంక దాన్నే పట్టుకుని ఉండాలె. తిట్లన్ని మిషన్ మీదికి పోతె మనిషికి జర ఊపిరాడుతది."

ఇన్నేళ్ళూ ఆయన పక్కన నిచ్చెనలు పట్టుకున్నానే గానీ ఈ సంగతి నాకు తట్టలేదు. ఒళ్ళు నొప్పులన్నీ అలాగే ఉన్నాయి. మనసు మాత్రం తేలికపడింది. భోజన్న మీద ఎక్కడలేని ఇష్టం కలిగింది.

మేడం తిరిగి వచ్చింది. మోటారు వేయించి చూసుకుంది. తర్వాత అడగాల్సింది అడిగింది. ఎవరు చేశారు?

నేను భోజన్న వైపు చూశాను.

"మిషనే చేసిందని చెప్పు. అరగని తిండి తిన్నది, మందలించిన."

చెమటలు తుడుచుకుంటూ చెప్పాను. మేడం పిండి ముద్దను చూసింది. రహమత్‌బీ కొంగు అంచుకు ఎండిన తెల్లటి మరకను చూసింది. ఆమెకు తెలిసిపోయిందని నాకూ తెలిసిపోయింది. రహమత్‌బీ కళ్ళు మూసుకుంది.

మేడం స్టోర్ రూంలోకి వెళ్ళి, నడుము మీద చేతులు పెట్టుకుని, మోటారుకు ఎదురుగా నిలబడి అరబ్బీలో అందుకుంది. ఇంకోసారి నీళ్ళు తాగావంటే ఊరుకోను అంది. పిండి పడితే పొడి గుడ్డతో ఎత్తాలి, నీకెన్నిసార్లు చెప్పాలి అంది. రహమత్‌బీ ఊరికి వెళ్ళి మనవరాలిని చూసి వచ్చేదాకా బుద్ధిగా ఉండు అంది.

"హాదిర్ మామా, సరే మామా," అంది రహమత్‌బీ వెనక నుంచి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. ఇక్కడ పనిమనుషులు ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

అరబ్బీ రాని భోజన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"ఏమంటున్నది మేడం?"

"మిషన్ని తిడతాండాది అన్నా."

"మంచిగ తిడుతున్నదా?"

"నీకన్నా బాగా తిడతాండాది."

భోజన్న ఆ రోజు సాయంత్రం దాకా కొంచెం అలిగాడు.