వదిలేసిన బంతి

మా దీవిలోని రేవు ఊరు సాన్ పెద్రోలో చెరకు మిల్లు పొగ సముద్రం వైపు వాలే వేళకి ఎలాడియో తన మోటార్‌సైకిల్ టాక్సీ మీద కూర్చుని కలలోలా మణికట్లు తిప్పుతుంటాడు. చేతిలో బ్యాట్ ఉండదు. ఓడపనిలో ఎన్నో రేవులు తిరిగాను; వలలు మానేసిన జాలర్ల చేతులూ ఇలాగే కదులుతాయి. కుర్రతనంలో అమెరికా బేస్‌బాల్ జట్టొకటి అతణ్ణి కొనుక్కుంటే వీధంతా మేకమాంసం వండుకుని పండగ చేసుకుంది. కొన్నేళ్ళకే వెనక్కి పంపేశారు. నిన్న అతని బండెక్కింది ఆట నేర్పిన ఫెర్మిన్ మాస్టారు. దిగుతుంటే ఎలాడియో ఇన్నాళ్ళూ మింగిన మాట బయటపెట్టాడు.

"తప్పు నాదేనా మాస్టారూ? అక్కడ వదిలెయ్యాల్సిన, వంకర తిరిగే ప్రతి బంతికీ బ్యాట్ ఊపేశాను."

"వదలడం నేను నేర్పితేగా! కొనేవాళ్ళు కాసేపు చూసి పోతారు. వదులుతూ నిలబడితే ఎవడు కొంటాడ్రా నిన్ను? బాదమన్నాను, బాదావు."

పక్కనే తోటి టాక్సీవాళ్ళు చీపురుకర్రే బ్యాట్‌గా, నీళ్ళడబ్బా మూతే బంతిగా ఆడుతున్నారు. "రావోయ్ కోటీశ్వరుడా!" అంటూ కర్ర అందించారు. మూత గాలిలో వంగుతూ, తేలుతూ వచ్చింది. ఎలాడియో మణికట్లు లేచి, మధ్యలో ఆగాయి. మూత దూరంగా దుమ్ములో పడింది.

"నిద్రపోయావేంట్రా?" అన్నాడు మూత విసిరినవాడు.

"అది నాది కాదు," అన్నాడు ఎలాడియో మెల్లగా. "ఇంకోటి వెయ్యి."