ఆత్మ కోసం చేసిన జాడీ

ఒంటరిగా కూర్చుని గోడలతో పోట్లాడుతున్నానని, టెక్సస్‌లోని కాపెల్‌లో ఉండే మా అమ్మాయి నన్ను న్యూజెర్సీలో మా ఇంటి దగ్గరి మ్యూజియంలో వాలంటీర్‌గా చేర్పించింది. ముప్పై ఏళ్లు మందుల కంపెనీలో పనిచేసినవాణ్ణి, కుండల గురించి నాకేం తెలుసు? వాళ్లిచ్చింది బట్టీపట్టి చెప్పేవాణ్ణి. వినాల్సినవాళ్లు ఫోన్ చూసుకుంటుంటే ఒళ్లు మండేది.

నాకు అప్పగించిన గదిలో ఒక చైనా జాడీ ఉంది. పదిహేడు వందల ఏళ్ల నాటిది, సమాధిలో పెట్టడానికే చేసింది. మన ఆవకాయ జాడీలాగే గట్టిగా కాల్చి మెరుపు పూత వేసిన మట్టి, రంగు మాత్రం పాచి ఆకుపచ్చ. మూత ఉండాల్సిన చోట చిన్న మేడ కట్టారు. దానికి గుమ్మాలు, చుట్టూ పిట్టలు, వాద్యాలు పట్టుకున్న మనుషులు. పోయినవాళ్ల ఆత్మ అందులో కాపురం ఉంటుందని వాళ్లు నమ్మేవారట.

మొన్న మార్చిలో ఒక అమెరికన్ పెద్దావిడ అంతా శ్రద్ధగా విని, "మరి మీవాళ్లు పోయినవాళ్లని ఎక్కడ ఉంచుతారు?" అని అడిగింది.

"మేం ఉంచుకోం. నదిలో కలిపేస్తాం" అన్నాను. అబద్ధం.

నా భార్య పోయి అప్పటికి ఏడు నెలలు. ఇంట్లోకి తేకూడదని పంతులుగారు చెబితే, ఆమె అస్థికలున్న ప్లాస్టిక్ పెట్టెను గరాజ్‌లో పెయింట్ డబ్బాల పక్కన పెట్టాను. గోదావరికి తీసుకెళ్లాలి. మోకాలి ఆపరేషన్ అన్నాను, టికెట్లు దొరకలేదన్నాను. అసలు సంగతి, కలిపేస్తే ఇక నా దగ్గర ఏమీ మిగలదని భయం.

ఆ రోజు జాడీ ముందు సిగ్గుతో నిలబడిపోయాను. ఎవరో కుమ్మరి, పోయినవాళ్లకి పిట్టలతో సహా ఇల్లు కట్టిచ్చాడు. నలభై ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషిని నేను పెయింట్ డబ్బాల మధ్య పెట్టాను.

ఇంటికి రాగానే పెట్టె లోపలికి తెచ్చేశాను. ఎక్కడ పెట్టాలో తోచక, సోఫాలో ఆమె కూర్చునే వైపు పెట్టి, అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను.

"పంతులుగారు వద్దన్నారు కదా నాన్నా."

"అన్నారు. చలికాలమంతా బయటే ఉంచేశానమ్మా. ఆ గరాజ్‌లో నీళ్లు కూడా గడ్డకట్టాయి."



"ఇంట్లో హీట్ ఎంత మీద పెట్టావు?" అంది. "అమ్మకి అది చాలదు. ఇంకొంచెం పెంచు నాన్నా."