చెట్టు అడ్డం కాదు

పదకొండేళ్లుగా ఒక వేపచెట్టు నా గుండె మీద బరువుగా ఉంది. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

ముందే ఒక మాట. నా పని నాకు బాగా వచ్చు. కడప చుట్టుపక్కల ఆఫీసులకు నెట్ లైన్లు వేస్తాను. ఎక్కడ స్లో అయినా నన్నే పిలుస్తారు, నేను వెళ్తే బాగవుతుంది. గొప్పలు కాదు, ఎవర్నైనా అడిగి చూడండి. ఆ ధీమాయే ఇంకొకరి కొంప ముంచింది.

ఒక చీరల వ్యాపారికి కడపలో ఒక ఆఫీసు, ఒంటిమిట్ట అవతల నేతగాళ్ల ఊళ్లో ఇంకొక ఆఫీసు. రెండింటినీ కలిపే లైన్ నేనే వేశాను. ఊళ్లో ఆఫీసు మిద్దె మీద చిన్న డిష్ పెట్టి, గుట్ట మీదున్న టవర్ వైపు గురిపెట్టాను. మూడు వారాలకే స్లో అయింది. కడప నుంచి పంపిన చీర డిజైను ఊళ్లో తెరుచుకునేలోపు కాఫీ తాగి రావచ్చు. మిద్దె ఎక్కి చూశాను. టవర్ వైపే, వీధి అవతల నాగయ్య ఇంటి ముందు వేపచెట్టు, చిగురు వేసి గుబురుగా ఉంది. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను.

నాగయ్య ఆ ఆఫీసుకే చీరలు నేసేవాడు. అప్పటికే అరవై దాటాయి. ఆ చెట్టు నీడలోనే ఆయనా భార్యా మగ్గానికెక్కించే పడుగు దారాలు సాగదీసి, గంజి పట్టించి, దువ్వేవాళ్లు. ఎండలో అయితే గంజి బిరుసెక్కి దారాలు తెగుతాయి. మన ఎండల సంగతి మీకు చెప్పాలా?

చెట్టే అడ్డమని ఆఫీసు మేనేజరుకు చెప్పాను, అతను నాగయ్యను పిలిపించాడు. నాగయ్య నా వైపే చూసి అడిగాడు.

"నిజంగా సెట్టే అడ్డమా అప్పా? బిందెల్తో నీల్లు మోసి పెంచినాం. రెండు కొమ్మలు కొడ్తే సాలదా?"

"సాలదు పెద్దాయనా. మొదలుకే కొట్టేయాల."

"సరేలేప్పా. సదువుకున్నోనివి, నీకు తెలీదా."

మధ్యాహ్నానికి చెట్టు నేలమీద ఉంది. నెట్ అలాగే ఉంది.

మళ్లీ మిద్దె ఎక్కాను. డిష్ నుంచి దిగే వైరు కొనకు నేను బిగించిన జాకులో ఒక తీగ పూర్తిగా లోపలికి దిగలేదు. ముందే ఎందుకు చూడలేదు? నా చేత్తో బిగించింది కాబట్టి. ఆడలేక మద్దెల ఓడని వేరేవాళ్లను ఎన్నిసార్లు ఎగతాళి చేశానో. జాకు కత్తిరించి కొత్తది వేశాను. రెండు నిమిషాల పని. కిందికి వచ్చేసరికి నెట్ పరుగెడుతోంది. మేనేజరు నా భుజం తట్టాడు. "చెట్టు పోయింది కదా సార్" అన్నాను. నన్నెవరూ అడగలేదు. నేనే అన్నాను.

చెట్టు కూడా కొంత అడ్డమేనేమో అని చాలాకాలం నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కానీ ఆ మిద్దె మీద నిలబడి మళ్లీ చూసినప్పుడు, చెట్టు తల పక్కింటి గోడ ఎత్తుకే ఉండేదని గుర్తు తెచ్చుకుని, ఆ గోడనూ డిష్ గురినీ సరిపోల్చుకుంటే, ఆ గురి చెట్టు తలకు బాగా పైనుంచే పోతోందని తేలిపోయింది.

ఇప్పటికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆ ఊరు వెళ్తాను. ఎండ ఎక్కకముందే పడుగు పని ముగించాలని ఆ ముసలివాళ్లు పడే తంటాలు చూస్తాను. నన్ను చూడగానే నాగయ్య అడుగుతాడు, "నెట్టు బాగుండాదా అప్పా?" శానా బాగుండాది అంటాను. అయితే సెట్టు వృథా పోలేదులే అంటాడు.

ఆ ఒక్క మాటే ఆయనకు ఊరట. నిజం చెప్పి దాన్ని కూడా లాక్కోవాలా? లేక ఇది నా పిరికితనానికి సాకా? సాకే. నాకు తెలుసు.

చెట్టు అడ్డం కాదు. జాకు నేను సరిగ్గా బిగించలేదు. ఈ రెండు మాటలు రాయడానికి పదకొండేళ్లు పట్టింది. రాశాక గుండె కాస్త తేలికైంది. నాగయ్య ఇంటి ముందు మాత్రం నీడ లేదు.