తోలు తిత్తిలో నీళ్లు

నా చిన్నప్పుడు మేము ఐడహో రాష్ట్రంలో బాయిసీ అనే ఊళ్లో ఉండేవాళ్లం. ఇప్పుడు అక్కడ కూడా మనవాళ్లు చాలామందే ఉన్నారంటారు గానీ, అప్పట్లో ఇంటి బయట తెలుగు మాట వినాలంటే మా అమ్మ వీధిలో నిలబడి నన్ను తిట్టాల్సిందే. తెనాలిలో చదువు మధ్యలో వదిలేసి వచ్చినదాన్ని. నాన్నగారికి కంప్యూటర్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు ఉద్యోగం. నాకేమో ఇంగ్లీషు సరిగా రాదు, చలి పడదు, స్నేహితులు లేరు. మొదటి రెండూ ఎలాగో సర్దుకున్నాయి. మూడోదే మింగుడుపడలేదు.

చివరికి బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి నాకు స్నేహితురాలైంది. వాళ్లు బాస్క్ జాతివాళ్లు. స్పెయిన్‌కీ ఫ్రాన్స్‌కీ సరిహద్దు కొండల్లో వాళ్ల ఊళ్లున్నాయని, వాళ్ల భాషకు చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదని ఆ పిల్ల గొప్పగా చెప్పేది. వాళ్ల తాత కుర్రతనంలోనే గొర్రెలు కాయడానికి ఒంటరిగా అమెరికా వచ్చి, ఐడహో కొండల్లో సగం జీవితం గడిపాడట. పిల్లలు ఆయన్ని ఐతీతా అని పిలిచేవారు. తాత అని అర్థం. నేనూ అలాగే పిలిచేదాన్ని.

ఒకరోజు ఆటస్థలంలో నా స్నేహితురాలు తాను తాగుతున్న నిమ్మరసం సీసా నాకిచ్చింది. సీసాకి పెదవి తగిలితే అది ఎంగిలి, మన ఎంగిలి ఇంకొకరి చేతికివ్వడం మర్యాద కాదు అని మా అమ్మ నాకు మాటలు రాకముందే నేర్పింది. అందుకని తల వెనక్కి వాల్చి, సీసా పైకెత్తి, ధారగా నోట్లో పోసుకుని తిరిగిచ్చాను. చుట్టూ ఉన్న పిల్లలు విరగబడి నవ్వారు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు బతకడం అప్పటికే అలవాటు కాబట్టి ఆ నవ్వులకు నేను అంతగా బాధపడలేదు. కానీ నా స్నేహితురాలు నవ్వలేదు. "నా నోరు అంత డర్టీనా?" అని అడిగింది.

అది కాదని చెప్పడానికి నాకున్న ఇంగ్లీషు చాల్లేదు. ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడటం మానలేదు గానీ, తన చేతిలోది ఏదీ నాకివ్వడం మానేసింది. పక్కనే కూర్చుని బిస్కెట్ల పొట్లం విప్పి ఒక్కతే తినేది. చూసేవాళ్లకి అది లెక్కలోకి వచ్చే సంగతి కాదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఉన్న ఒక్క స్నేహమూ కొంచెం కొంచెంగా జారిపోతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఎండలు మొదలయ్యాక వాళ్లమ్మ మా ఇంటికి ఫోన్ చేసింది. ఏటా వాళ్ల కుటుంబమంతా ఊరి అంచున ఉన్న కొండల మీద ఒక రోజు నడుస్తారట. చిన్న చిన్న శిఖరాలు ఒక్కొక్కటే ఎక్కి దిగుతూ, చుట్టు తిరిగి, సాయంత్రానికి మొదలుపెట్టిన చోటికే వస్తారట. వాళ్ల దేశంలో ఆదివారాలు అలాగే గడుస్తాయట. నన్నూ పంపమని అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మా అమ్మకి ఆ నడకలో తలా తోకా తెలియలేదు. "కొండలన్నీ ఎక్కి మళ్లీ కారు దగ్గరికే వస్తారా? అదేదో గుడి చుట్టూ తిరిగితే పుణ్యమన్నా వస్తుంది కదే" అంది. అయినా పులిహోర పొట్లం కట్టి, మా నాయనమ్మ కాశీ యాత్రకి పట్టుకెళ్లిన ఇత్తడి మరచెంబు నిండా నీళ్లు పోసి చేతికిచ్చింది. ఎత్తి తాగడానికి తప్ప దేనికీ పనికిరాని చెంబు అది. దాన్ని ఆ పిల్ల ముందు ఎలా తీయను? వాళ్ల కారు దిగేటప్పుడు సీటు కిందకి తోసేసి, పులిహోర ఒక్కటే సంచిలో పెట్టుకున్నాను.

పేరుకి కొండలే గానీ మన కళ్లకి గుట్టలే. చెట్టన్నది లేదు. ఎండిన గడ్డి, మోకాలెత్తు బూడిదరంగు సేజ్ పొదలు, చెప్పుల కింద జారే మట్టి. సేజ్ ఆకు నలిపితే మందు వాసన. మొదటి శిఖరం మీదికి అందరికంటే ముందు నేనే ఎక్కాను. అక్కడ వాళ్లమ్మ నీళ్ల డబ్బా బయటికి తీసింది. మూతి ఒక్కటే, మనుషులు చాలామంది. ఒకరి తర్వాత ఒకరు నోటికి ఆనించుకుని తాగి పక్కవాళ్లకిచ్చారు. నా వంతు వచ్చింది. నోటికి ఆనించడానికి ప్రాణం ఒప్పలేదు. ఎత్తి తాగుదామంటే నా స్నేహితురాలు చూస్తోంది. దాహం వేయడం లేదన్నాను.

రెండో శిఖరం మీదా అదే మాట చెప్పాను. మధ్యాహ్నం మూడో శిఖరం ఎక్కేసరికి నోరు పిడచగట్టుకుపోయింది. పులిహోర అందరికీ పంచాను గానీ నా ముద్ద నాకే గొంతు దిగలేదు. వెనక్కి పోదామా అంటే, చుట్టు దారి కదా, వచ్చినంత దూరం ఎటైనా నడవాల్సిందే. కళ్లు మసకబారుతున్నాయి. ఒక రాయి మీద కూర్చుని, చెప్పులో ఇసుక దులుపుకుంటున్నట్టు నటించాను.

ఐతీతా అందరికంటే వెనకాల నడిచేవాడు. మంద వెనక నడిచిన అలవాటేమో. చేతికర్ర, నల్లటి గుండ్రటి టోపీ, భుజానికి మేకతోలుతో కుట్టిన తిత్తి. ఆ తిత్తి వాళ్లింట్లో గోడకి వేలాడుతూ ఉండేది. ఇంట్లో ఆయన అందరిలాగే గ్లాసుతో తాగేవాడు కాబట్టి, దాన్ని దించడం పిల్లలెవరూ ఎరగరు. ఆయన మాత్రం నన్ను ఒకసారి చూశాడు. వాళ్ల వంటింట్లో ఎవరూ లేరనుకుని నేను గ్లాసు ఎత్తి నీళ్లు తాగుతుంటే, వాకిలి దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు.

ఆ రోజు నా దగ్గరికి వచ్చి ఒక్క నిమిషం నిలబడి, నా మొహం చూసి, కర్ర నేలకి తాటించి అందరినీ పిలిచాడు. ఆయన ఇంగ్లీషు కూడా నా ఇంగ్లీషులాగే ముక్కలు ముక్కలుగా ఉండేది. మా ఊళ్లో నీళ్లు ఇలా తాగుతాం, తిత్తికి పెదవి తగిలితే సిగ్గుచేటు అని చెప్పి, తల వెనక్కి వాల్చి, తిత్తి పైకెత్తి నొక్కాడు. సన్నటి ధార సూటిగా ఆయన ముక్కులోకి పోయింది. అక్కడినుంచి గడ్డం, గడ్డం నుంచి చొక్కా. ఆయన తుమ్ముతుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లమ్మ ఏదో అనబోయి, ఆయన వైపు చూసి, మాట మింగేసి మొహం పక్కకి తిప్పుకుంది.

"ముసలాడినయ్యాను, చెయ్యి మర్చిపోయింది. ఎవరికైనా వచ్చా?" అని ఆయన తిత్తిని ముందుకు చాచాడు. పిల్లలు ఎగబడ్డారు. ఒకడికి చెవిలో పోయింది, ఒకడికి పొలమారింది. నా స్నేహితురాలు కంట్లో కొట్టుకుంది. చివరికి తిత్తి నా చేతికొచ్చింది. అందరూ తడిసిపోయి ఉన్నారు, నేనూ తడుస్తాననే చూస్తున్నారు. తల వాల్చి, చెయ్యి బారుగా చాచి నొక్కాను. నోరు మూయకుండా గుటకలు వేస్తూ, ఊపిరి ఆడనంతసేపు తాగాను. తోలు వాసన వేస్తూ, ఎండకి వెచ్చబడిన ఆ నీళ్లంత తియ్యటి నీళ్లు నేను మళ్లీ తాగలేదు. దించేసరికి అందరి కళ్లూ నా మీదే. నా గౌను మీద ఒక్క చుక్క లేదు.

ఇలా ఎవరు నేర్పారని ఐతీతా అడిగాడు. మా అమ్మ అన్నాను. ఎందుకలా తాగుతారని అడిగాడు. నాకు తెలిసిన ఇంగ్లీషు మాటలన్నీ పోగుచేసుకుని, ఆయనకి కాదు, నా స్నేహితురాలికి చెప్పాను. "నీ నోరు డర్టీ అని కాదు. నా నోరు. నా నోటిది నీకు రాకూడదు. అందుకని."

ఆ పిల్ల తడి జుట్టు వెనక్కి తోసుకుంది. "ఆ రోజు స్కూల్లో కూడానా?" అంది.

"స్కూల్లో కూడా."

ఆమె నా చేతిలోంచి తిత్తి లాక్కుని, ఎలా పట్టుకోవాలో చూపించమంది. ఆఖరి శిఖరం మొదట్లో తిత్తి ఐతీతాకి తిరిగిచ్చేదాకా దారంతా అదే పని. ఆమె తడిసిన కొద్దీ నాకు నవ్వు, నేను నవ్విన కొద్దీ ఆమెకి పౌరుషం. మధ్యలో జేబులోంచి చాక్లెట్ బిళ్ల తీసి, విరిచి, సగం నా చేతిలో పెట్టింది. ఎప్పుడూ ఇస్తున్నట్టే ఇచ్చింది. నేను దాన్ని చాలాసేపు తినకుండా పట్టుకుని నడిచాను.

ఆఖరి శిఖరం మీంచి మేము వదిలి వెళ్లిన కార్లు కింద కనిపించాయి. తక్కినవాళ్లు దిగుతుంటే నేను ఐతీతా కోసం ఆగాను. ఆయనకి థాంక్స్ చెప్పాలని. కింద మలుపులో ఆయన ఒక్కడే వస్తున్నాడు. నడక ఆపకుండానే తిత్తి పైకెత్తాడు. చెయ్యి పూర్తిగా చాచి, కళ్లు సగం మూసి, రెండో చేత్తో టోపీ సర్దుకుంటూ తాగాడు. అంత ఎత్తునుంచి దారంలాంటి ధార. ఒక్క చుక్క చెదరలేదు. నేను తాగింది దాని ముందు పిల్లల ఆట.

అప్పుడు నన్ను చూశాడు. ఒక్క క్షణం ఆగిపోయాడు. తర్వాత, మొహంలో నవ్వన్నది లేకుండా, ఆ ధారని మెల్లగా తన చొక్కా మీదికి తిప్పుకున్నాడు. కాలరు మొత్తం తడిపి, నా పక్కనుంచి నడుస్తూ, "చూశావుగా, ఇంకా రావడం లేదు" అన్నాడు.

నేను థాంక్స్ చెప్పలేదు. చెబితే ఆయన పడ్డ శ్రమంతా పాడుచేసినట్టవుతుందని ఆ వయసులోనే ఎందుకో తోచింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా స్నేహితురాలూ నేనూ ఈనాటికీ ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఆమెకి ఈ సంగతి తెలుసో తెలియదో నేను అడగలేదు.

నిజం చెప్పొద్దూ, నాకు వచ్చిన విద్య నలుగురికీ తెలియకపోతే నిద్రపట్టని మనిషిని నేను. పిండివంట దగ్గర్నుంచి కారు పార్క్ చేయడం దాకా, ఎవరైనా తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను. మా పిల్లలు దీని మీద వేసే జోకులకి అంతులేదు. అందుకే ఆయన చేసింది ఎంత కష్టమైన పనో నాకు బాగా తెలుసు. చిన్నపిల్ల దాహం తీర్చడానికి ఒక పెద్దమనిషి తనకి చేతనైన పనిని చేతకానట్టు చూపించి, అందరి ముందూ నవ్వులపాలయ్యాడు. అలాంటి పని నా జన్మలో నేను ఎన్నిసార్లు చేశానని లెక్క చూసుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు నేను అమెరికాలోనే బాతెల్ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మొన్న పార్క్‌లో, వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన ఒక పిల్ల బెంచీ పక్కన నేల మీద ఒంటరిగా కూర్చుని అచ్చనగాయలు ఆడుకుంటోంది. తక్కిన పిల్లలు దూరంగా బంతాట. తెనాలిలో మా వీధి మొత్తానికి అచ్చనగాయల్లో నన్ను ఓడించినవాళ్లు లేరు. వెళ్లి ఆ పిల్ల పక్కన చతికిలబడి, నాకూ ఒకసారి ఇస్తావా అన్నాను. రాళ్లు అరచేతిలో పడగానే వేళ్లు వాటంతట అవే లేచాయి. బలవంతాన ఆపుకుని, ఎగరేసి, అన్నీ గడ్డిలో పారబోశాను. బంతాట పిల్లలు ఇద్దరు నా అవస్థ చూసి నవ్వుతూ దగ్గరికొచ్చారు.

ఆ పిల్ల నా వైపు జాలిగా చూసి, నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, వేళ్లు ఒక్కొక్కటే సర్దింది. "గట్ల కాదు అమ్మమ్మా, ఇట్ల పట్టాలె" అన్నది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాయిసీ కొండల మీద, చొక్కా తడుపుకుని నిలబడ్డ ఆ పెద్దాయనకీ లోపల ఇలాగే ఉండి ఉంటుంది.