పగటిపూట వెలిగిన లంగరు దీపం

యజమాని గాలికొదిలేసిన సరుకు ఓడను కోర్టు రేవు బయటే ఆపేసింది. మనిషి లేని ఓడ ఇతర నౌకలకు ప్రమాదమన్న నియమం ప్రకారం, అందులో మిగిలిన ఇంజన్ మేస్త్రినే కాపలాకు నియమించింది. అతని ఇల్లు కంటికి ఆనేంత దూరంలోనే ఉంది. ఓడ దిగితే మాత్రం నేరం. చీకటి పడగానే అతను, ఓడ అక్కడ ఆగి ఉందని ఇతర నౌకలకు తెలిపే లంగరు దీపం వెలిగించేవాడు. అది కనిపించేదాకా తల్లి మేడ దిగేది కాదు.

పడవలో మంచినీళ్లు తెచ్చే తమ్ముడు అతణ్ణి నవ్వించాలని చూసేవాడు. "ఇంత ఓడకూ నువ్వే రాజువి, అన్నయ్యా!"

"దిగనివ్వని సింహాసనంరా ఇది. అమ్మ ఎలా ఉంది?"

ఒకనాడు తమ్ముడు హాస్యమాడలేదు. "మంచం పట్టింది. నిన్నే కలవరిస్తోంది."

సెలవు అడిగితే, బదులు మనిషి దొరికేదాకా ఆగమన్నారు. ఆ మనిషి దొరకకముందే తల్లి కన్నుమూసింది. ఆమె అంతిమయాత్ర రేవు రోడ్డు మీదుగా సాగుతుంటే, అతను పట్టపగలే లంగరు దీపం వెలిగించాడు.

ఏళ్లు గడిచాక దేశాలన్నీ ఒక మాట మీదికి వచ్చాయి: యజమాని వదిలేసినా నావికుణ్ణి ఇంటికి చేర్చే ఖర్చుకు ఓడ బయలుదేరకముందే పూచీ ఉండాలి. ఆ సంగతి చెప్పడానికి, అప్పట్లో కేసు వాదించి అతణ్ణి ఓడ దింపించిన లాయరమ్మ స్వయంగా అతని ఇంటికి వచ్చింది.

"మీలాంటివాళ్ల కష్టం ఊరికే పోలేదు, బాబాయిగారూ."

"జరిగిపోయినవాటికి వర్తిస్తుందా, తల్లీ?"

"లేదండీ."

అతను కిటికీలోంచి రేవు వైపు చూశాడు.

"మంచి చట్టమే," అన్నాడు. "ఇంటికి ఆలస్యంగా వచ్చింది, నాలాగే."